ఐదు గొర్రెలు, ఒక తప్పు జవాబు

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు కబుర్లయ్యాక, "మేడం, మీ సర్వీసులో అన్నిటికన్నా కష్టమైన ఆపరేషన్ ఏది?" అని అడుగుతారు. బర్రె కడుపులోంచి మేకులు తీసిన కథ చెబుతానని వాళ్ళ ఆశ. మేకులు తీశాను, తీయకపోలేదు. కానీ నేను వాళ్ళకు చెప్పేది ఒక మీటింగులో ఇచ్చిన తప్పు జవాబు గురించి. ఆ జవాబివ్వడానికి నాకు అర నిమిషం పట్టింది. దిద్దుకోవడానికి దాదాపు ఐదు నెలలు పట్టింది. ఆ దిద్దుకోవడమే నా ఉద్యోగంలో నేను తలెత్తుకుని చెప్పుకోగలిగిన పని.

మాది నల్లగొండ వైపు పల్లె. సర్వీసులో ఎక్కువ భాగం ప్రభుత్వ పశువుల దవాఖానల్లో గడిచింది. చివరి కొన్నేళ్ళు మాత్రం ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో పనిచేశాను. దాని ఆఫీసు ఎల్బీనగర్‌లో ఒక భవనం నాలుగో అంతస్తులో ఉండేది. జంతువులుండే ఆవరణ మాత్రం అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక, విజయవాడ హైవే నుంచి లోపలికి. పొద్దున్నే సంస్థ వ్యాను నన్ను ఎల్బీనగర్ చౌరస్తాలో ఎక్కించుకునేది. మామిడికాయల కాలంలో బాటసింగారం మార్కెట్టుకు పోయే లారీల వెనక గంటసేపు ఇరుక్కునేవాళ్ళం. ఆవరణ చేరేసరికి నా చీర కూడా మామిడిపండు వాసన కొట్టేది.

నా పని రెండు రకాలు. జంతువుల ఆరోగ్యం చూడటం ఒకటి. జంతు నైతిక సంఘంలో సభ్యురాలిగా కూర్చోవడం రెండోది. జీవాల మీద ఏ ప్రయోగం చేయాలన్నా ముందు ఆ సంఘం ఒప్పుకోవాలి. అవసరమైన ప్రయోగమేనా, జంతువుకు ఎంత నొప్పి, ఆ నొప్పి తగ్గించే దారి ఉందా అని సంఘం అడగాలి. నిజం చెప్పాలంటే, మేం ఎక్కువసార్లు టీ చల్లారకముందే సంతకాలు చేసి లేచేవాళ్ళం.

మా సంస్థలో జన్యువుల శాస్త్రం చూసే సార్ ఒకాయన ఉండేవారు. విశాఖపట్నం వైపు మనిషి. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. పని రాక్షసుడు. ఒకరోజు ఆయన గొర్రెల మీద ఒక ప్రయోగం ప్రతిపాదించారు. ఒంట్లో కండ పెరుగుతుంటే ఒక దశలో "ఇక చాలు" అని ఆపే జన్యువు ఒకటి ఉంటుంది. పంక్తిలో వడ్డించేటప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే మనిషి లాంటిది అనుకోండి. ఆ చెయ్యి తీసేస్తే వడ్డన ఆగదు. పిండం దశలోనే ఆ జన్యువును కత్తిరించి, ఆ పిండాన్ని మామూలు గొర్రె గర్భంలో పెడితే, పుట్టే పిల్ల దండిగా కండ పడుతుంది. ఇదీ ఆయన ఆలోచన.

"ఒక గొర్రె మీద ఒకటిన్నర గొర్రె మాంసం వస్తే, కోసే గొర్రెల సంఖ్య తగ్గుతుంది కదా మేడమ్. అది కూడా జీవకారుణ్యమే" అన్నారాయన నాతో. ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ ఆ మాటలో కపటం ఉందనుకోను. కాపరులకు మేలు చేయాలని ఆయన మనసారా అనుకున్నారు.

ఎల్బీనగర్ ఆఫీసులో సంఘం కూర్చుంది. సంఘంలో సైన్సుతో సంబంధంలేని మనిషి ఒకరు ఉండి తీరాలని నియమం. మా సంఘంలో ఆ కుర్చీ ఒక రిటైరైన తెలుగు టీచరమ్మది. గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డారు. చైతన్యపురిలో మెట్రో ఎక్కి, చేతిలో గొడుగుతో, అందరికంటే పది నిమిషాలు ముందే వచ్చి కూర్చునేవారు. మేమంతా చివరి పేజీ చూసే కాగితాలను ఆవిడ మొదటి పేజీ నుంచి పెన్సిలు పెట్టుకుని చదివేవారు. అచ్చుతప్పులు కూడా దిద్దేవారు.

ఆ రోజు ఆవిడ పెన్సిలు ఒకచోట ఆగింది.

"ప్రయోగం తర్వాత జీవాలను మానవీయంగా ముగిస్తారు అని రాశారు. ముగించడమంటే ఏంటండీ?"

"చంపడం అండీ. నొప్పి తెలియకుండా" అన్నారు సార్.

"అయితే అలాగే రాయండి బాబూ. నవలా ఏంటి ముగించడానికి?"

అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఇంకో పేజీ తిప్పి నా వైపు చూశారు.

"డాక్టరు గారూ, నాకు తెలియక అడుగుతున్నాను. పిల్ల అంత లావు పుడితే, తల్లి ఎలా ఈనుతుందండీ?"

నేను చదువుకున్నదాన్ని. వేల కాన్పులు చేసినదాన్ని. చిరునవ్వుతో, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాను: "కడుపులో మామూలుగానే ఉంటుందండీ. ఆ లావంతా పుట్టాక వచ్చేదే."

ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఎవరినీ అడగలేదు. అలాగే అయ్యుంటుందని నాకు అనిపించింది, అంతే. సార్ కూడా తలూపారు. టీచరమ్మ నా జవాబును అక్షరం పొల్లుపోకుండా తన కాగితం అంచున రాసుకున్నారు. నేను ఫారంలో 'జంతువుకు కలిగే బాధ' అన్నచోట 'స్వల్పం' అని టిక్కు పెట్టి సంతకం చేశాను.

పిండాలు పెట్టిన గొర్రెల్లో ఐదు చూలు కట్టాయి.

ఆ ఐదింటినీ చూసుకునే బాధ్యత మా ఆవరణలోని కాపరిది. యాభై దాటిన మనిషి. ఆయనదీ నల్లగొండ పక్కే. చిన్నప్పటి నుంచి గొర్రెలు కాసి, కరువులో మంద అమ్ముకుని పట్నం వచ్చి, కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీగా చేశాడు. మార్కెట్టు బాటసింగారం తరలిపోయినప్పుడు దానివెంటే ఇటు వచ్చి, మా సంస్థలో పని ఉందని తెలిసి చేరిపోయాడు. "మళ్ల నా గొర్లకాడికే వచ్చిన డాక్టరమ్మా" అన్నాడు చేరిన రోజు, పోగొట్టుకున్న వస్తువు దొరికినవాడిలా. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని.

నాలుగో నెల దాటాక ఒకరోజు నేను వ్యాను దిగుతుండగానే ఎదురొచ్చాడు.

"డాక్టరమ్మా, జర ఇటు రా. గీ గొర్రె పండుకుంటలేదు."

"ఎన్ని రోజుల సంది?"

"రెండొద్దులాయె. నిలబడ్తది, పండ్లు నూరుతది. పండుకోబోతది, మళ్ల లేస్తది."

నేను పొట్ట మీద చెయ్యి వేసి, గుండె విని, ఉబ్బరమని తేల్చి మందు రాశాను.

ఆయన కదల్లేదు. "ఉబ్బరం గాదు డాక్టరమ్మా. ఈడ చెయ్యి వెట్టి సూడు. తొడ తగుల్తున్నది. నా ఇన్నేండ్లల్ల కడుపులున్న పిల్లకు గింత తొడ నేను సూడలే."

"కవలలేమోలే అన్నా" అన్నాను. ఒక్కటే పిండం పెట్టామని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. మనం ఒకసారి బల్లగుద్ది చెప్పిన జవాబు మన కళ్ళకు ఎంత మందపాటి గంతలు కడుతుందో నాకు తర్వాత అర్థమైంది.

వారం తిరక్కుండానే, నెలలు నిండకముందే, ఆ గొర్రెకు నొప్పులొచ్చాయి. నేను చేరేసరికి పొద్దున తొమ్మిది. ముందుకాళ్ళు రెండూ బయటికొచ్చి ఉన్నాయి. తలా వచ్చింది. భుజాల దగ్గర బిగుసుకుపోయింది. చేతికి నూనె రాసుకుని ఎంత సర్దినా రాలేదు. చివరికి కోసి తీద్దామని మత్తు ఇచ్చేసరికే ఆలస్యమైంది. గర్భసంచి చిరిగిపోయి ఉంది. పిల్ల చచ్చి ఉంది. పావుగంటలో తల్లీ పోయింది.

బల్ల మీదున్న ఆ పిల్లను నేను మరిచిపోలేను. పుట్టకముందే పొట్టేలు భుజాలు, పొట్టేలు తొడలు. ఏదీ పుట్టాక వచ్చిన లావు కాదు.

కాపరి బకెట్టుతో నీళ్ళు తెచ్చి నేల కడిగాడు. కడగడమయ్యాక చీపురు గోడకానించి, "నేను జెప్పిన గద డాక్టరమ్మా" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మిగతా నాలుగింటికీ స్కానింగ్ చేశాను. తొడలు కొలిచాను. మళ్ళీ కొలిచాను. నాలుగూ అంతే. ఈనడానికి ఇంకా పన్నెండు పదమూడు రోజులున్నాయి.

కొలతల కాగితం తీసుకుని సార్ గదిలోకి వెళ్ళాను. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"ఒక గొర్రె పోయిందని ప్రయోగమంతా పోయిందనుకోకూడదు మేడమ్. మిగతావి ఈనవచ్చు కదా?"

"ఈనలేవు సార్. నాలుగింటినీ ముందే కోసి తీయాలి."

"సహజంగా ఈనుతాయని అనుమతి పత్రంలో రాశాం. కోసి తీస్తే ఈ రకం సొంతంగా పుట్టలేదని మనమే ఒప్పుకున్నట్టు. వచ్చే వారం పైనుంచి పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకేం చెప్పమంటారు? అయినా పుట్టాకే లావవుతాయని మీరే కదా అన్నారు?"

ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నమ్మి మోసపోయిన మనిషి గొంతు అది.

ఆ సాయంత్రం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాను. ఒక మాట ఒప్పుకుంటాను. దారిపొడుగునా నేను గొర్రెల గురించి ఆలోచించలేదు. నా పేరు గురించి ఆలోచించాను. 'గర్భసంచి చిరిగి మృతి' అని నివేదికలో రాస్తే అబద్ధం కాదు. అది ఎందుకు చిరిగిందో రాయకపోతే ఎవరూ అడగరు. రిటైర్మెంటుకు కొద్ది నెలలే ఉంది. ఇలా లెక్కలేసుకుంటూ, దిగాల్సిన దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట దాకా వెళ్ళిపోయాను. అక్కడ దిగి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడి, టీచరమ్మకు ఫోన్ చేశాను. ఎందుకు ఆవిడకే చేశానంటే, నా జవాబు రాసుకున్న కాగితం ఆవిడ దగ్గరుంది.

"నేను తప్పు చెప్పానండీ" అన్నాను. జరిగిందంతా చెప్పాను. చదవకుండా చెప్పానన్న సంగతి కూడా.

ఆవిడ మధ్యలో అడ్డురాకుండా విన్నారు. "ఏమ్మా, ఏడుస్తున్నారా?" అన్నారు.

"లేదండీ" అన్నాను, ముక్కు ఎగపీలుస్తూ.

"మా బడిలో పిల్లలకు ఒకటే చెప్పేదాన్ని. తప్పు రాస్తే గీత పెట్టి కొట్టేసి, పక్కన సరైంది రాయి. రబ్బరుతో చెరిపెయ్యకు. చెరిపేస్తే నువ్వేం నేర్చుకున్నావో నాకు కనపడదు అని. ఆ నాలుగింటికీ ఇంకా టైముందన్నారుగా? రేపే మీటింగు పెట్టించండి. ఆ కాపరిని కూడా తీసుకురండి."

"ఆయన సభ్యుడు కాదండీ."

"ఆ మాటకొస్తే గొర్రెలూ సభ్యులు కావు."

ఒకరోజు తర్వాత సంఘం అత్యవసరంగా కూర్చుంది. కాపరి ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతోపాటు వ్యానులో వచ్చాడు. మీటింగు గది తలుపు దగ్గర చెప్పులు విప్పబోయాడు. టీచరమ్మ లేచి ఎదురెళ్ళి, "వేసుకునే రండి. ఇలా కూర్చోండి" అని తన పక్క కుర్చీ లాగారు. ఆ గదిలో పనివాళ్ళను కూర్చోమనడం అదే మొదలు. ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు.

ముందు నేను లేచాను. నా నివేదికలో మొదటి వాక్యం, "గత సమావేశంలో నేను ఇచ్చిన జవాబు తప్పు. ఆధారం లేకుండా ఇచ్చాను." అధ్యక్షుడిగా ఉన్న పెద్దాయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. ఎన్నో ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నా అలాంటి వాక్యం ఆయన విని ఉండరు. స్కానింగ్ కొలతలు చూపించాను. 'స్వల్పం' అన్న టిక్కును కొట్టేసి 'తీవ్రం' అని రాసిన కాగితం ముందుపెట్టాను. నాలుగు గొర్రెలకూ నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసే అనుమతి అడిగాను.

సార్ తన వాదన వినిపించారు. ఆయన గట్టిగా మాట్లాడలేదు, బాధగా మాట్లాడారు. "ఏ కొత్త పనికైనా మొదట్లో నష్టం ఉంటుందండీ. వందల ఏళ్ళుగా మనిషి పశువులను ఏరి ఏరి మార్చుకుంటూనే వచ్చాడు. ఎక్కువ పాలిచ్చే ఆవును మనం దేవుడి దగ్గర్నుంచి తెచ్చుకోలేదుగా? నేనూ అదే పని కొంచెం త్వరగా చేస్తున్నాను. కాపరి ఇంట్లో దీపం పెట్టాలనే కదా చేస్తున్నాను!"

ఆ వాదనలో బలం ఉంది. ఇప్పటికీ ఉంది.

టీచరమ్మ కాపరి వైపు తిరిగారు. "మీరు చెప్పండయ్యా. ఈ గొర్రెను మీకిస్తే పెంచుతారా?"

ఆయన కాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"అమ్మా, సారు మంచోడే. గొర్లకు దాణా సరిగ పడకుంటే మమ్ముల తిడ్తడు. గది నాకు తెలుసు." సార్ వైపు తిరిగాడు. "కని సారూ, ఒక్కమాట అడుగుత. నా గొర్రె యాడ ఈనుతది? గుట్ట మీద ఈనుతది. వానల ఈనుతది. తొవ్వల ఈనుతది. నేను మంద వెనక పోతాంటె, అది ఆగి, ఈని, పిల్లను నాకి, మళ్ల మందల కలుస్తది. గంత సేపే. మరి ఈ గొర్రెకు కోసుడు గావాలె. గుట్ట మీదికి నాకు డాక్టరమ్మ యాడ దొరుకుతది?"

సార్ కలానికి మూత పెట్టేశారు.

"ఇంకోటి సారూ. కోస్తం, తీస్తం. ఆ పిల్ల పెద్దగయి కడితె, దాన్ని మళ్ల కోయాలె. దాని బిడ్డను మళ్ల కోయాలె. తనంతల తాను పుట్టలేని జీవాన్ని ఇంటికి తెచ్చుకుంటె, అది నా గొర్రె ఎట్లయితది? నన్ను నమ్ముకొని గాదు, మీ కత్తిని నమ్ముకొని బతుకుతది."

కింద చౌరస్తాలో బస్సుల హారన్లు సన్నగా వినిపిస్తున్నాయి. సార్ నా కొలతల కాగితం దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశారు. నేను చూస్తుండగానే ఆయన ముఖంలో ఏదో వదులైంది. రెండేళ్ళ తన కష్టాన్ని ఆ నిమిషంలో ఆయన వదులుకున్నారు. అది ఎంత కష్టమో పరిశోధన చేసినవాళ్ళకే తెలుసు.

"ఈ లెక్క నేనే ముందు వేయాల్సింది" అన్నారు. "మేడమ్, ఆపరేషన్లు ఎప్పుడు చేద్దాం? మీకు చెయ్యందించడానికి నేను వస్తాను."

ఆ రోజు సంఘం మూడు నిర్ణయాలు రాసింది. నాలుగు గొర్రెలకూ ఆపరేషన్ చేయాలి. కొత్త పిండాలు పెట్టకూడదు. మూడోది టీచరమ్మ పట్టుబట్టి రాయించారు: పుట్టిన పిల్లలనూ తల్లులనూ 'ముగించ'కూడదు, ఉన్నన్నాళ్ళు సంస్థే సాకాలి. "పుట్టిస్తామని వాటిని అడగలేదుగా. పుట్టించాక సాకడం మన బాధ్యతేనండీ" అన్నారావిడ. నేను సంతకం చేయడానికి ముందు మొత్తం చదివాను. రెండుసార్లు.

పిల్లల ఊపిరితిత్తులు ముందుగా సిద్ధమయ్యేందుకు రెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, ఒక ఉదయం మొదలుపెట్టాం. నాలుగింటినీ ఒకేరోజు. గొర్రెను కుడిపక్కకు పడుకోబెట్టి, ఎడమ డొక్క మీద ఉన్ని గొరిగి, ఆ చోటు వరకే మత్తు సూదులు వేసి కోయాలి. తల్లి మెలకువగానే ఉంటుంది. కాపరి దాని తల ఒళ్ళో పెట్టుకుని చెవిలో ఏదో చెబుతూ కూర్చున్నాడు. నాకు వినపడలేదు. వినాలని కూడా ప్రయత్నించలేదు.

మొదటి పిల్లను బయటికి తీసేటప్పుడు నా రెండు చేతులూ చాల్లేదు. అంత బరువు. సార్ కింద చేతులు పట్టి అందుకున్నారు. ఆయన జన్మలో పిండాలను సూక్ష్మదర్శినిలో చూశారే తప్ప, వెచ్చగా, జారుతూ, తన్నుకునే గొర్రెపిల్లను ఎత్తుకోలేదు. "మేడమ్, ఇది... ఇది తన్నుతోంది!" అన్నారు.

"తన్నాలె సార్. తన్నకుంటె భయపడాలె" అన్నాను. కంగారులో నాకు నా ఊరి భాషే వస్తుంది.

రెండోదీ బాగానే వచ్చింది. మూడోది తన్నలేదు. ఊపిరి లేదు. గుండె మాత్రం సన్నగా కొట్టుకుంటోంది. నా చేతులు తల్లి కడుపులో ఉన్నాయి. అక్కడ రక్తం ఆపకపోతే తల్లి పోతుంది. పిల్లను చూడబోతే తల్లి, తల్లిని చూడబోతే పిల్ల. ఒక్క క్షణం నాకు కళ్ళముందు ఆ కడిగిన నేల కనిపించింది.

"అన్నా!" అని ఒక్క కేక పెట్టాను.

ఆయన అప్పటికే లేచాడు. గొర్రె తలను సార్ చేతుల్లో పెట్టి, పిల్లను వెనకకాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి ఊపాడు. నోట్లో వేలు పెట్టి జిగురు తీశాడు. గోనెపట్టా మీద పడేసి పక్కటెముకలు రుద్దాడు. "లే బిడ్డా, లే, లే" అంటూ గడ్డిపరక తెంపి ముక్కులో తిప్పాడు. ఏమీ లేదు. మళ్ళీ తిప్పాడు. నేను తలెత్తకుండా కుడుతున్నాను. ఒక కుట్టు, ఇంకో కుట్టు.

అప్పుడు ఆ పిల్ల తుమ్మింది.

నా ఉద్యోగంలో చాలా మెచ్చుకోళ్ళు విన్నాను. శాలువాలు కప్పించుకున్నాను. ఏదీ ఆ తుమ్ము ముందు నిలవదు. సార్ గొర్రె తల పట్టుకునే ఏడ్చేశారు. నేను కుడుతున్నాను కాబట్టి ఏడవడానికి వీల్లేదు. కాపరి మాత్రం పిల్లను గోనెలో చుట్టి, "ముక్కు శీదుకున్నది, ఇగ ఫికరు లేదు" అన్నాడు.

నాలుగోది అయ్యేసరికి పొద్దు వాలుతోంది. డబ్బాల్లో మధ్యాహ్నం అన్నం అలాగే ఉంది. నడుము విరిగిపోతోంది. చేతులు కడుక్కుని వెనక్కి తిరిగి చూస్తే, దొడ్లో నాలుగు తల్లులు, నాలుగు పిల్లలు. పిల్లల నాలుకలు మందంగా ఉండి చనుకట్టు పట్టలేకపోయాయి. కాపరి ముర్రుపాలు పిండి సీసాతో ఒక్కొక్కదానికి తాగించాడు. మధ్యలో ఫోన్ తీసి ఇంటికి కలిపి, "నాలుగుకు నాలుగు! ఆఁ, అన్నీ! తల్లులు గూడ!" అని అరిచాడు. నేను టీచరమ్మకు ఫోన్ చేసి అవే మాటలు చెప్పాను. "నాకు వెంటనే ఫోటో పంపండి. ఒక్కోదానికీ విడివిడిగా" అన్నారావిడ.

తర్వాతి వారం పైనుంచి పెద్దవాళ్ళు వచ్చారు. వాళ్ళను దొడ్లోకి తీసుకెళ్ళి సార్ ఏమీ దాచకుండా చెప్పారు. పోయిన గొర్రె గురించి, కుట్ల గురించి, మందపు నాలుకల గురించి. "చూడటానికి ఇవి బాగున్నాయి. కానీ కాపరి దగ్గర పుట్టలేని గొర్రెను నేను కాపరికి ఇవ్వలేను" అన్నారు. వాళ్ళు సంతోషించారని చెప్పను. సార్ మాత్రం తన నివేదికను దాచకుండా నలుగురికీ పంపించారు. అదే దారిలో వెళ్దామనుకున్న వేరే ఊరి పరిశోధకులు ఇద్దరు ఆయనకు రాశారు: మా గొర్రెలను కాపాడారు అని. ఆ ఉత్తరాలు ఆయన నాకు చూపించారు. కొత్తగా ఉద్యోగమొచ్చిన కుర్రాడిలా మురిసిపోయారు. ఆ తర్వాత ఆయన గొర్రెల కండలను వదిలేసి, వాటికొచ్చే రోగాలను తొందరగా కనిపెట్టే పరీక్షల మీద పనిచేశారు. ప్రతి కొత్త ప్రతిపాదననూ సంఘానికి పంపేముందు దొడ్లోకి వెళ్ళి కాపరికి చదివి వినిపించేవారు.

పిల్లలూ, జన్యువును కత్తిరించడం తప్పా ఒప్పా అని నన్ను అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. రేపు ఒక రోగం నుంచి మందలను కాపాడేది అదే కత్తెర కావచ్చు. నేను అడగమనేది వేరు. ఆ కత్తెర వేసినందువల్ల నొప్పి ఎవరికి, వాళ్ళ తరఫున ఈ గదిలో ఎవరైనా ఉన్నారా? మీకు జవాబు తెలియకపోతే "తెలియదు" అనండి. ఆ ఒక్క మాట నేను మొదటి మీటింగులో అని ఉంటే, ఒక గొర్రె బతికేది.

నేను రిటైరయ్యాక మరుసటి ఏడు, కాపరి ఫోన్ చేశాడు. ఆపరేషన్ చేసిన తల్లి గొర్రెల్లో ఒకదాన్ని మామూలు పొట్టేలుతో దాటించామని, నెలలు నిండాయని చెప్పాడు. "సూడనీకె రావాలె డాక్టరమ్మా. టీచరమ్మను గూడ తోల్కరా." ఇద్దరం ఒక పొద్దున ఎల్బీనగర్‌లో కలుసుకుని బస్సెక్కి వెళ్ళాం. టీచరమ్మ ఆ ఆవరణ చూడటం అదే మొదటిసారి.

మేం చేరేసరికే గొర్రె దొడ్డి మూలకెళ్ళి కాలితో నేల గీరుతోంది. పాత కుట్టు ఉన్నచోట ఒత్తిడికి ఏమవుతుందోనని నా భయం. నా సంచిలో చేతితొడుగులు, మత్తుమందు, కత్తి, అన్నీ ఉన్నాయి. సార్ కూడా పరుగున వచ్చి చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. నేను ఒక అడుగు ముందుకేశాను.

కాపరి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊకె నిలవడుండ్రి. దానికి తెలుసు."

నలుగురం గోడవార నిలబడ్డాం. గొర్రె పడుకుంది. ఒకసారి ముక్కింది. రెండోసారి ముక్కింది. కాళ్ళు కనిపించాయి, వాటి మీద ముక్కు, ఆ తర్వాత సర్రుమని ఒళ్ళంతా. మామూలు పిల్ల. సన్నటి కాళ్ళు, సన్నటి తొడలు. తల్లి లేచి తిరిగి దాన్ని నాకడం మొదలుపెట్టింది. ఆ పిల్ల మూడుసార్లు పడి, నాలుగోసారి నిలబడి, తడుముకుంటూ వెళ్ళి పొదుగు పట్టుకుని తోక ఆడించింది.

నా సంచి జిప్పు కూడా తీయలేదు.